అలిగిన సత్య, అడిగిన శకుంతల

వందేళ్ల కిందట మైలవరం కంపెనీ నాటకమంటే కృష్ణా తీరం జనం బళ్లు కట్టుకుని వెళ్లేవారు. ఆ వేదికల మీద ఆడవాళ్ల కోపం, విరహం, ఏడుపు అన్నీ పలికాయి. వాటిని రాసినవాళ్లూ, ఆడినవాళ్లూ, చూసి ‘వన్స్ మోర్’ అన్నవాళ్లూ ఎక్కువ మంది మగవాళ్లే. ఇంతకీ మన కావ్యాలూ నాటకాలూ స్త్రీకి ఏ కోపాన్ని ఇచ్చాయి? ఏ కోపాన్ని పక్కన పెట్టాయి?

విజయవాడ దాటి ఇబ్రహీంపట్నం, కొండపల్లి మీదుగా తిరువూరు రోడ్డున పోతే మైలవరం వస్తుంది. ఇప్పటి పిల్లలకు ఆ ఊరంటే ఇంజినీరింగ్ కాలేజీ. వాళ్ల తాతల తరానికి మాత్రం మైలవరం అనగానే ‘కంపెనీ’ గుర్తుకొచ్చేది. మైలవరం జమీందారుల ఆదరణతో 1910ల్లో వెలిగిన బాలభారతీ నాటక సమాజానికి జనం పెట్టుకున్న ముద్దుపేరు అది. యడవల్లి సూర్యనారాయణ లాంటి నటులు, కపిలవాయి రామనాథశాస్త్రి లాంటి గాయకులు ఆ నీడన ఎదిగారు. కపిలవాయి గొంతు తర్వాత గ్రామఫోను రికార్డులెక్కి తెలుగునాడంతా తిరిగింది.

అప్పట్లో డెల్టా పల్లెల్లో చదువు వచ్చినవాళ్లు తక్కువ. నన్నయ, తిక్కన, తిమ్మన పుస్తకాలు పండితుల పెట్టెల్లో ఉండేవి. వాళ్లు తీర్చిదిద్దిన శకుంతల, ద్రౌపది, సత్యభామ మాత్రం హార్మోనియం శ్రుతిలో, పెట్రోమాక్సు దీపాల వెలుగులో పంట కోసుకునే రైతు దాకా, నాట్లు వేసే కూలీ దాకా వచ్చారు. ఆ రకంగా నాటకమే ఊరి గ్రంథాలయం. ఆ గ్రంథాలయంలో ఏ పుస్తకం ముందు పెట్టారు, ఏ పుట చింపేశారు అన్నది చూస్తే స్త్రీ మనసును మనం ఎంతవరకు చదవడానికి సిద్ధపడ్డామో తెలిసిపోతుంది.

మీసం తీసిన భామలు

కుటుంబ స్త్రీ రంగస్థలం ఎక్కితే ఊరు ఊరుకోని రోజులవి. కళావంతుల కుటుంబాల నుంచి వచ్చిన కొందరు నటించినా, చాలా సమాజాల్లో ఆడవేషం మగవాడిదే. బందరుకు చెందిన ఉప్పులూరి సంజీవరావు చిత్రాంగిగా పేరు తెచ్చుకున్నారు. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి రామవిలాస సభ వేదిక మీద సత్యభామ, చింతామణి, మధురవాణి, రోషనార అయ్యారు. శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామ పాడే పాటను ఆయనే రాసుకుని, ఒకే పల్లవిని రకరకాల భావాలతో అభినయిస్తుంటే జనం కదలకుండా కూర్చునేవారట. ఆడవేషాలు కట్టిన ఆ నటుడికి ప్రభుత్వం 1956లో పద్మశ్రీ ఇచ్చింది.

అందరూ అంత ఇష్టంగా చీర కట్టలేదు. విజయవాడ ఎస్.ఆర్.ఆర్. కాలేజీలో విశ్వనాథ సత్యనారాయణ తెలుగు పంతులుగా ఉన్నప్పుడు ‘రాచమల్లుని దౌత్యం’ నాటకంలో నాగమ్మ వేషం నందమూరి తారక రామారావుకు వచ్చింది. కుర్రాడు మీసం తియ్యనని మొండికేశాడు. చివరికి మీసంతోనే వేషం కట్టి ‘మీసాల నాగమ్మ’ అనిపించుకున్నాడు. డెల్టాలో ఈ ముచ్చట చెప్పి నవ్వనివాళ్లు లేరు. నవ్వు పక్కన పెట్టి చూస్తే ఆ పాత్ర ఎవరిదో గమనించాలి. పల్నాట రాచరికం నడిపిన మంత్రి నాయకురాలు నాగమ్మది. రాజకీయం తెలిసిన ఆడది కాబట్టి కథలో ఆమెకు దక్కింది ఎక్కువగా నిందే. అలాంటి పాత్రకు మీసం ఉన్నా పెద్దగా తేడా రాదనుకున్నారేమో.

మగవాడు ఆడవేషం కట్టడం మన ఒక్కరి వింత కాదు. షేక్స్‌పియర్ కాలపు ఇంగ్లండులో జూలియట్‌ను ఆడింది మీసాలు రాని కుర్రాళ్లే. జపాను కబుకీలో ఆ సంప్రదాయం ఇప్పటికీ ఉంది. ఇక్కడ తప్పొప్పుల తీర్పు అక్కర్లేదు. ఆ నటుల శ్రమ తక్కువదీ కాదు. ఇంట్లో తల్లిని, అక్కను, రేవులో నీళ్లు ముంచే ఆడవాళ్లను గమనించి పమిట సర్దుకోవడం దగ్గర్నుంచి నేర్చుకున్నారు వాళ్లు. అయితే చూసి నేర్చుకోగలిగింది ఆడవాళ్లు పైకి చూపించిన కోపాన్నే. లోపల మింగుకున్నది చూసేవాడికి దొరకదు. దాన్ని కవి రాసి ఉంటేనే నటుడికి చేరాలి. మరి కవులు ఎంత రాశారు?

అలక పానుపు

కృష్ణదేవరాయల కొలువులోని నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’ రాశాడు. కథ అందరికీ తెలిసిందే. నారదుడు తెచ్చిన పారిజాత పువ్వును కృష్ణుడు రుక్మిణికి ఇస్తాడు. చెలికత్తె ఆ సంగతి మోసుకొస్తుంది. వినగానే సత్యభామ ఎలా లేచిందో చెప్పడానికి తిమ్మన దెబ్బ తిన్న ఆడపామును, నెయ్యి పడి ఎగసిన మంటను తెచ్చాడు. నగలు తీసేసి, మాసిన చీర కట్టి, తలకు గుడ్డ చుట్టుకుని చీకటి గదిలో పడుకుంటుంది. కృష్ణుడు వచ్చి కాళ్ల మీద పడితే ఎడమ కాలితో తన్నుతుంది. భగవంతుడి తల మీద భార్య కాలు. పదహారో శతాబ్దంలో ఒక తెలుగు కవి ఇది రాయగలిగాడు, రాజు విని మెచ్చుకున్నాడు.

ఇంత సాహసం ఎలా చెల్లింది? అలంకార శాస్త్రం చూస్తే జవాబు దొరుకుతుంది. మగవాడి కోపానికి శాస్త్రంలో రౌద్రమని సొంత రసం ఉంది, సొంత సింహాసనం ఉంది. నాయిక కోపాన్ని మాత్రం శృంగారంలో ఒక గదిలో సర్దారు. ఈర్ష్య వల్ల కలిగే మానమని పేరు పెట్టి విరహం పక్కన కూర్చోబెట్టారు. అంటే ఆమె ఎంత మండిపడినా అది ప్రేమలో ఒక మజిలీ కిందే లెక్క. తన్నులు తిన్న కృష్ణుడు నొచ్చుకోలేదు. నా ఒంటి పులకలు ముళ్లలా తగిలి నీ పాదం ఎంత నొచ్చిందోనన్నాడు. కోపం అక్కడికక్కడే ముద్దుగా మారిపోయింది.

నాయికలను ఎనిమిది రకాలుగా విడదీసిన పద్ధతీ ఇలాంటిదే. వాసకసజ్జిక, విరహోత్కంఠిత, స్వాధీనపతిక, కలహాంతరిత, ఖండిత, విప్రలబ్ధ, ప్రోషితభర్తృక, అభిసారిక. అలంకరించుకుని ఎదురుచూసేది ఒకతె, రాలేదని కుమిలేది ఒకతె, పరస్త్రీ దగ్గర్నుంచి వచ్చాడని మండిపడేది మరొకతె. ఎనిమిదీ మగవాడు వచ్చాడా, రాలేదా, ఎక్కడి నుంచి వచ్చాడు అన్నదాన్ని బట్టి తేలేవే. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి, చదువుకోవాలని తపించే పిల్లకు, అన్న మీద అలిగిన చెల్లెలికి ఈ పట్టికలో చోటు లేదు.

మొవ్వ మండలంలోని కూచిపూడిలో ఈ సత్యభామే భామాకలాపమై స్థిరపడింది. సిద్ధేంద్రయోగి పెట్టిన కట్టుబాటు ప్రకారం ఆ ఊరి భాగవతుల ఇళ్లలో పుట్టిన ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్య వేషం కట్టాలంటారు. తెర వెనక నుంచి సత్యభామ జడను బయటికి వేసి సభకు సవాలు విసరడం ఆ ప్రదర్శనలోని రాజసం. తనను ఓడించగలవాడుంటే ఆ జడ కోసివ్వడానికైనా సిద్ధమన్న పందెం అది. 1970లో పద్మశ్రీ అందుకున్న వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యగా నడిచివస్తే ఆడవాళ్లే ముక్కున వేలేసుకునేవారు. అద్దం ముందు తన అందానికి తానే మురిసిపోవడం, మాధవి చేతికి ఉత్తరం ఇచ్చి పంపడం, రాని మగడిని తిట్టుకుంటూనే తలుపు వైపు చూడటం. గర్వం నుంచి దిగులుకు, దిగులు నుంచి ఆశకు ఒక మనసు మారే తీరును ఇంత నిదానంగా, ఇంత వివరంగా చూపించిన కళారూపం మరొకటి అరుదు.

సత్య కథ ముగింపు మాత్రం ఆమెను తేలిగ్గా వదలదు. ముత్తరాజు సుబ్బారావు ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్య తన నగలన్నీ త్రాసులో పోసినా కృష్ణుడి బరువు తూగదు. రుక్మిణి వేసిన ఒక్క తులసీదళానికి తూగుతుంది. రాత్రంతా సత్య మాటకు, నడకకు, నడుము మీది చేతికి ఈలలు వేసిన జనం తెల్లారగట్ల రుక్మిణి భక్తికి దండం పెట్టుకుని ఇంటికి వెళ్లేవారు. ప్రేక్షకుడికి కావలసినవి రెండూ దొరికాయి. భార్య ఎదురు తిరిగితే చూడ్డానికి బాగుంటుంది. చివరికి ఒదిగితేనే మనసుకు బాగుంటుంది.

ఏడిపించడంలో పోటీ

రాయల కాలపు కవుల గురించి ఒక చాటు కథ ప్రచారంలో ఉంది. అల్లసాని పెద్దన వరూధినిని, నంది తిమ్మన సత్యభామను, భట్టుమూర్తి గిరికను ఏడిపించారు. ఎవరు ఎలా ఏడిపించారో పోలుస్తూ, ఒకరి నాయిక ముద్దుముద్దుగా ఏడ్చిందనీ, మరొకరి నాయిక బావురుమందనీ వేళాకోళం చేశారట. ముగ్గురిలో రాగయుక్తంగా ఏడ్చిన సత్యకే ఎక్కువ మార్కులు పడ్డాయి.

ముగ్గురూ ఎందుకు ఏడ్చారన్న ప్రశ్న ఆ పోటీలో రాలేదు. వరూధిని సంగతే తీసుకోండి. హిమాలయాల్లో దారి తప్పిన ప్రవరుడిని చూసి తన కోరికను దాచుకోకుండా చెప్పింది. అతను ఒప్పుకోలేదు, మీదికి వస్తే తోసేశాడు. తర్వాత ఒక గంధర్వుడు ప్రవరుడి రూపంలో వచ్చి ఆమెను మోసం చేశాడు. ‘మనుచరిత్ర’లో ఆ మోసం నుంచే వంశం నడుస్తుంది. ఆమెకు మాత్రం నిజం తెలిసే అవకాశం కవి ఇవ్వడు. మోసపోయిన సంగతి తెలిసిన వరూధిని ఏమనేదో తెలుగు కావ్యంలో రాయని పద్యం. ఆ పద్యం ఉండి ఉంటే ఏ నటుడు ఏ రాగంలో పాడేవాడో ఊహించుకోవలసిందే.

శకుంతల సభలో అడిగింది

వెయ్యేళ్ల కిందట రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడి కోసం నన్నయ భారతం తెలుగు చేస్తూ ఆదిపర్వంలో శకుంతల కథ చెప్పాడు. ఈ శకుంతల మనకు క్యాలెండరు బొమ్మల్లో కనిపించే శకుంతల కాదు. జింకపిల్లకు గడ్డి పెడుతూ, కాలిలో ముల్లు గుచ్చుకున్నట్టు వెనక్కి తిరిగి చూసే అమ్మాయి కాళిదాసుది. నన్నయ శకుంతల కొడుకును వెంటబెట్టుకుని నిండు సభకు వస్తుంది. దుష్యంతుడికి అన్నీ గుర్తున్నాయి. గుర్తుండే అబద్ధమాడతాడు, నువ్వెవరో నాకు తెలియదంటాడు.

అప్పుడామె మొదటి పని ఏడవడం కాదు, వాదించడం. ఎవరూ చూడలేదనుకోకు, సూర్యచంద్రులూ పంచభూతాలూ నీ అంతరాత్మా చూశాయంటుంది. నూరు మంచినీళ్ల బావుల కంటే ఒక దిగుడు బావి, నూరు దిగుడు బావుల కంటే ఒక యజ్ఞం, నూరు యజ్ఞాల కంటే ఒక కొడుకు, నూరుమంది కొడుకుల కంటే ఒక్క సత్యవాక్యం గొప్పదని మెట్టుమెట్టుగా లెక్క కడుతుంది. గమనించండి, కొడుకు కోసం వచ్చిన తల్లి కొడుకు కంటే సత్యాన్నే పై మెట్టున పెట్టింది. దయ చూడమని అడగలేదు. నువ్వు చేసింది అబద్ధం, ఒప్పుకో అంది. రాజును రాజధర్మం మీదే నిలదీసింది.

కాళిదాసు ఈ కథ చేతికి తీసుకుని దుర్వాసుడి శాపం కలిపాడు, ఉంగరం కలిపాడు. శాపం వల్ల రాజు మరిచిపోయాడు. ఉంగరం చేప కడుపులోంచి దొరికాక గుర్తొచ్చింది, పశ్చాత్తాపంతో కుమిలిపోయాడు. నాటకం ప్రపంచమంతా మెచ్చుకునేంత అందమైంది, అందులో సందేహం లేదు. కానీ ఆ శాపంతో దుష్యంతుడి తప్పు దేవతల లెక్కలోకి వెళ్లిపోయింది. అబద్ధమాడిన మగవాడు మతిమరుపు మగవాడయ్యాడు. నిలదీయవలసిన స్త్రీకి ఎదుట నేరస్థుడే లేకుండా పోయాడు. కాళిదాసు శకుంతలా సభలో కోప్పడుతుంది, నిజమే. కానీ ఆ కోపం తగలవలసిన చోట శాపం అడ్డం నిలబడింది.

మన రంగస్థలం ఏ శకుంతలను ఎంచుకుంది? కందుకూరి వీరేశలింగం అభిజ్ఞాన శాకుంతలాన్ని తెలుగు చేసినప్పటి నుంచీ ఎక్కువగా నమ్ముకున్నది ఉంగరం కథనే. మైలవరం కంపెనీలో పేరు తెచ్చుకున్న యడవల్లి సూర్యనారాయణే 1932లో వచ్చిన టాకీ ‘శకుంతల’లో దుష్యంతుడు. సురభి కమలాబాయి శకుంతల. తెలుగు సినిమా మాట నేర్చిన తొలి ఏడాదే శకుంతల తెర మీదికి వచ్చిందంటే ఆ కథ మీద మన మోజు ఎంతో అర్థమవుతుంది. ఉంగరం చూడటానికి బాగుంటుంది. చేప కడుపు చీలిస్తే మెరిసే వస్తువు, రాజు కన్నీళ్లు, చివర కలయిక. సభలో నిలబడి వరసగా పద్యాలతో రాజును ఉతికేసే ఆడదాన్ని చూస్తూ కూర్చోవడానికి టిక్కెట్టు కొన్న మగవాడు కొంచెం ఇబ్బంది పడతాడు.

న్యాయంగా చెప్పాలంటే నన్నయ కూడా చివరికి ఆమె వాదనతోనే కేసు గెలిపించలేదు. ఆకాశవాణి వచ్చి సాక్ష్యం చెప్పాకే దుష్యంతుడు ఒప్పుకున్నాడు. నాకు ముందే తెలుసు, లోకం నమ్మాలని అలా అన్నాను అని సర్దుకున్నాడు కూడా. అయినా ఆ వాదన పుస్తకంలో ఉంది. తుడిచేయలేదు.

ద్రౌపది కోపం ఎవరి చేతికి వెళ్లింది

మన సాహిత్యంలో అందరికన్నా ఎక్కువ అడిగింది ద్రౌపదే. జూదంలో తనను తాను ఓడిపోయినవాడు నన్ను పందెం పెట్టగలడా అని సభను అడిగితే పెద్దలంతా తల దించుకున్నారు. అది ఏడుపు కాదు, చట్టం ప్రశ్న. పదమూడో శతాబ్దంలో తిక్కన విరాటపర్వంలో మరో సభ చూపించాడు. కీచకుడు అందరి ముందూ ఆమెను తన్నాడు. కంకుభట్టు వేషంలో అక్కడే కూర్చున్న ధర్మరాజు, నటిలా సభలో నిలబడి ఈ గోల ఏమిటి, లోపలికి పో అన్నాడు. ఆమె జవాబు చురుక్కుమంటుంది. నా మగడు నటుడే, అది నిజమే, పైగా జూదరి కూడా. అలాంటివాడి ఆలికి పరువు ఎక్కడిది అంది. అజ్ఞాతవాసం బయటపడకూడదు, మాట దెబ్బ మాత్రం తగలాలి. ఆ ఇరుకులో తిక్కన ద్రౌపది చేత పలికించిన వ్యంగ్యం ఇవాళ్టికీ తాజాగానే ఉంటుంది. అలంకార శాస్త్రం ఈ కోపాన్ని ఏ గదిలో సర్దుతుంది? ఇది అలక కాదు. బతిమాలితే పోయేదీ కాదు.

ఆ తర్వాత ఆమె రాత్రివేళ వంటశాలకు వెళ్లి భీముణ్ని లేపుతుంది. కీచకుడు చస్తాడు. ఉద్యోగపర్వంలో కృష్ణుడు రాయబారానికి బయలుదేరుతుంటే తన జుట్టు చూపించి, సంధి మాట్లాడేటప్పుడు దీన్ని గుర్తుంచుకో అంటుంది. యుద్ధం వస్తుంది. ద్రౌపది కోపానికి ఫలితం తప్పకుండా దొరుకుతుంది, కాకపోతే మగవాళ్ల చేతుల మీదుగా దొరుకుతుంది. ఆమె రగిలించాలి, వాళ్లు చంపాలి.

నాటకంలో ఈ చేతులు మారడం ఇంకా స్పష్టం. తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’ డెల్టా ఊళ్లలో ఆడని పందిరి లేదు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి బందరులో పంతులుగా పనిచేసినవాడు, ఈ నేల పలుకుబడి తెలిసినవాడు. ఆ పద్యాలు పాలేరు నోటా పటేలు నోటా పలికాయి. ఏ ఊళ్లోనైనా పెద్దవాళ్లను ఆ నాటకం నుంచి ఒక పద్యం పాడమనండి. కృష్ణుడి రాయబారం వస్తుంది, కర్ణుడిదో దుర్యోధనుడిదో వస్తుంది. ద్రౌపది పద్యం ఎత్తుకునేవాళ్లు తక్కువ. ఆమె ప్రశ్నతో మొదలైన యుద్ధంలో వన్స్ మోర్‌లు రాయబారికి వెళ్లాయి.

సినిమా వ్యాపారానికి ఈ అవమానంలోని బలం బాగా తెలుసు. 1936లో ద్రౌపది వస్త్రాపహరణ కథతో రెండు తెలుగు సినిమాలు పోటాపోటీగా వచ్చాయి. ఒకటి ‘ద్రౌపదీ మానసంరక్షణం’. అందులో బళ్లారి రాఘవ దుర్యోధనుడు, సురభి కమలాబాయి ద్రౌపది. రెండోది హెచ్.వి.బాబు తీసిన ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’. జనం రెండోదానికే ఎక్కువ వెళ్లారు. పేర్లు చూడండి. ఒకదానిలో మానం కాపాడటం, ఒకదానిలో చీర లాగటం. చీర లాగక ముందు ఆమె అడిగిన ప్రశ్న ఏ పేరులోనూ లేదు.

వంటింటి రామాయణం

మగవాళ్లు వీధిలో ఆడవేషం కట్టి పాడుతున్న రోజుల్లోనే ఆడవాళ్లు ఇంట్లో మరో సాహిత్యం పాడుకుంటున్నారు. ఊర్మిళాదేవి నిద్ర, కౌసల్య వేవిళ్లు, కుశలవుల కథ. దంచేటప్పుడు, ఊయల ఊపేటప్పుడు, పేరంటాల్లో పాడుకునే స్త్రీల రామాయణపు పాటలివి.

వాటిలో కథ అదే, చూపు వేరు. వాల్మీకి ఒక్క మాటతో దాటేసిన కౌసల్య ప్రసవం ఈ పాటల్లో నొప్పులతో, మంత్రసానితో, చుట్టూ చేరిన ఆడవాళ్ల సందడితో సాగుతుంది. పద్నాలుగేళ్లు నిద్రపోయిన ఊర్మిళ దగ్గరికి లక్ష్మణుడు వస్తాడు. ఆమె పోల్చుకోలేక, ఎవడో పరాయివాడు గదిలోకి వచ్చాడనుకుని, పరస్త్రీని కోరి చెడిన ఇంద్రుణ్ని, రావణుణ్ని గుర్తుచేసి గట్టిగా హెచ్చరిస్తుంది. పద్నాలుగేళ్లు వదిలేసి వెళ్లిన మొగుడిని పరాయివాడుగా నిలబెట్టి తిట్టడమంటే, ఎవరూ తప్పుపట్టలేని దారిలో తిట్టడమే. శూర్పణఖ ఈ పాటల్లో మళ్లీ వస్తుంది, మాయవేషంలో. సీత చేత రావణుడి బొమ్మ వేయించి పగ తీర్చుకుంటుంది. ముక్కు కోసి పంపేస్తే ఆమె కథ అయిపోయిందని మగకవులు అనుకున్నారు, ఆడవాళ్లు అనుకోలేదు.

కూచిపూడికి దగ్గర్లోని మొవ్వ క్షేత్రయ్య ఊరని చెప్పుకుంటారు. పదిహేడో శతాబ్దపు ఆ పదాల్లో నాయిక మువ్వగోపాలుడితో బేరమాడుతుంది, దెప్పుతుంది, నిన్న రాత్రి ఎక్కడున్నావని అడుగుతుంది. రాసింది మగవాడే. కానీ తరతరాలుగా వాటిని పాడి అభినయించింది కళావంతులైన స్త్రీలు. ఒకే పంక్తికి పది రకాల సంచారులు చేస్తూ కవి ఊహించని అర్థాలు వాళ్లు కలిపారు. కవి మాట మగవాడిది, తాత్పర్యం ఆడదానిది అయిన అరుదైన ఏర్పాటు అది. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ విధానాన్ని నిషేధించింది. చెయ్యవలసిన పనే. ఆ వ్యవస్థతో పాటు ఆ అభినయమూ చాలావరకు చెదిరిపోయింది.

సొంతంగా రాసిన ఆడదానికి ఏమైందో ముద్దుపళని కథ చెబుతుంది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి కొలువులో ఉన్న ఆమె ‘రాధికా సాంత్వనం’ రాసింది. పైకి ఇదీ అలక కథే. రాధ తానే దగ్గరుండి ఇళ అనే అమ్మాయికి కృష్ణుడితో పెళ్లి చేయిస్తుంది, తర్వాత ఓర్వలేక రగిలిపోతుంది, కృష్ణుడు వచ్చి బుజ్జగిస్తాడు. కానీ ఇక్కడ కోరికా, కోపమూ, పట్టూ అన్నీ రాధవే. వీరేశలింగం దీన్ని ఆడది రాయదగిన రాత కాదని తప్పుపట్టారు. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ పూర్తి ప్రతిని సంపాదించి వావిళ్ల ద్వారా అచ్చు వేయించారు. మగకవుల శృంగారానికి రాని అభ్యంతరం ఇక్కడెందుకు వచ్చిందని పీఠికలో అడిగారు. అశ్లీలమని ప్రభుత్వం నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఆ నిషేధాన్ని ఎత్తేసేదాకా రాధ నోరు మూసే ఉంది.

వేషం ఆడవాళ్ల చేతికి

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి కుటుంబం ఆడవేషాన్ని మొదట్నుంచీ ఇంటి ఆడవాళ్లకే ఇచ్చింది. విజయవాడలో పుట్టిన ఋష్యేంద్రమణి నాటకాల్లో ఆరితేరి, 1935లో ‘శ్రీకృష్ణ తులాభారం’ సినిమాలో సత్యభామ అయ్యారు. ఆ తర్వాత మూడు దశాబ్దాలకు, 1966లో, అదే పేరుతో వచ్చిన సినిమాలో దుగ్గిరాలలో పెరిగిన జమున సత్య. 2023లో ఆమె పోయినప్పుడు తెలుగువాళ్లు తలుచుకున్నది ముందు ఆ నడుము మీద చెయ్యి, ఆ మెడ విరుపే. కూచిపూడిలోనూ ఇంతే. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టిన తర్వాత ఆడపిల్లలు వరస కట్టారు. ఇప్పుడు సత్య వేషంలో మగవాడు కనిపిస్తేనే వింత.

వేషం మారింది, పాత్ర మారిందా? స్థానం వారి చేతి విరుపును జమున నేర్చుకున్నారో లేదో కానీ, ఇద్దరి చేతా పలికించింది ఒకే రకం కథ. ఆడవాళ్లు వచ్చినంత మాత్రాన రాత మారదు. రాత మారాలంటే కలం మారాలి. ఓల్గా ‘విముక్త’ కథల్లో అది కనిపిస్తుంది. ఆ పుస్తకానికి 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అందులో సీత అడవిలో శూర్పణఖను కలుస్తుంది. ముక్కుచెవులు పోయిన శూర్పణఖ పగతో కాదు, తోట పెంచుకుంటూ కనిపిస్తుంది. అహల్య, రేణుక, ఊర్మిళ కూడా ఈ కథల్లో మాట్లాడతారు. వాళ్ల మాటల్లో మగవాడు వచ్చాడా, రాలేదా అన్న లెక్క లేదు. స్త్రీల రామాయణపు పాటలు పాడుకున్న ఆడవాళ్లు విని ఉంటే ఈ కథలు తమకు కొత్త కాదనేవారు.

పరిషత్తులకు ఒక సవాలు

పాత కావ్యాలను స్త్రీ ద్వేషమని ఒక్క మాటతో కొట్టేసేవాళ్లు ఉన్నారు. మన సంస్కృతి స్త్రీని దేవతగా చూసిందని ఒక్క మాటతో మురిసిపోయేవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ పుస్తకం తెరవరు. తెరిస్తే కనిపించేది వేరు. అలిగే భార్యను, రగిలించే ద్రౌపదిని, నిలదీసే శకుంతలను మన కవులు ముగ్గురినీ రాశారు. అలిగే భార్యను మనం పండగ చేసుకున్నాం. రగిలించే ద్రౌపదిని మగవాళ్లకు పని చెప్పేదిగా ఉంచుకున్నాం. నిలదీసే శకుంతలను ఉంగరం కింద దాచాం. లోపం కవులది మాత్రమే కాదు, ఎంచుకున్న ప్రేక్షకులదీ, వేదికలదీ కూడా.

డెల్టాలో నాటకం చచ్చిపోలేదు. తెనాలి నుంచి గుడివాడ దాకా పరిషత్తులు ఉన్నాయి, పద్యనాటక పోటీలు ఉన్నాయి. విజయవాడ తుమ్మలపల్లి క్షేత్రయ్య కళాక్షేత్రంలో హార్మోనియం ఇంకా మోగుతోంది. పద్యం చదవగల ఆడపిల్లలూ ఉన్నారు. కావాల్సిన నాటకానికి కొత్తగా కథ రాయించనక్కర్లేదు. ఆదిపర్వం తెరిచి నన్నయ శకుంతలను తీసుకుంటే చాలు. శాపం వద్దు, చేప వద్దు. ఒక సభ, ఒక రాజు, చిన్న పిల్లవాడు, ఒక ఆడమనిషి. ఆమె వాదన మొత్తం, ఒక్క పద్యం కూడా కోయకుండా ఆడించండి. ఆకాశవాణి పలకక ముందు ఒక్క నిమిషం నాటకం ఆపి, ఆమె అడిగినదానికి రాజు ఏం చెప్పాలో ప్రేక్షకులనే అడగండి. మైలవరం కంపెనీ రోజుల్లో వన్స్ మోర్ కొట్టిన జనం మనవలు ఇప్పుడేం జవాబు చెబుతారో విందాం.